ఏకగ్రీవమా, చేతులెత్తే ఓటా, చర్చించి తేల్చుకున్న సమ్మతా? సరిహద్దు పల్లెలకు ఏది మేలు?

ఒడిశాలోని రాయగడ, గజపతి, కోరాపుట్ జిల్లాల తెలుగువారికి ఒక వెసులుబాటు ఉంది. ఒకే పనిని రెండు రాష్ట్రాలు రెండు విధాలుగా చేయడం మనం ఇంటి దగ్గర నుంచే చూడగలం. పార్వతీపురం, పాతపట్నం వైపు ఉన్న మన చుట్టాల ఊళ్లలో పంచాయతీ ఎన్నికలు వచ్చాయంటే ముందుగా వినిపించే మాట ఏకగ్రీవం. ఇటు మన పల్లీసభల్లో, అంటే ఊరివారంతా కూర్చునే సభల్లో, తీర్మానం అంటే చేతులెత్తడం, తరచుగా చేతులెత్తినట్టు రాసుకోవడం. ఇంకా పడమటికి, మహారాష్ట్రలోని గడ్చిరోలి జిల్లాలో, ఒక్కరు కాదన్నా నిర్ణయాన్ని ఆపి మళ్లీ మళ్లీ కూర్చుని మాట్లాడుకునే గోండు పల్లె ఒకటి ఉంది. నాలుగు భాషలు, పది కులాలు కలిసి బతికే మన ఊళ్లలో తగువు పెరగకుండా, బలహీనుడి నోరు మూతపడకుండా పని జరగాలంటే ఈ మూడింటిలో ఏది మేలో చూడవలసిన అవసరం ఉంది.

ఏకగ్రీవాన్ని తేలికగా తీసిపారేయలేము. ఎన్నిక జరిగిన ఊళ్లో పెట్టిన ఖర్చు, తాగించిన సారా, అన్నదమ్ముల మధ్య ఆగిపోయిన పలకరింపులు తెలిసినవారెవరైనా పోటీ లేకపోతే బాగుండునని అనుకుంటారు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కూడా 2021 పంచాయతీ ఎన్నికలప్పుడు ఏకగ్రీవమైన పంచాయతీలకు జనాభాను బట్టి 5 లక్షల నుంచి 20 లక్షల రూపాయల దాకా ప్రోత్సాహకం ప్రకటించింది. ఆ డబ్బు రోడ్డుకో, బడికో అక్కరకు వస్తుందన్న మాట నిజమే. అయితే ఆ ఒక్క పేరు ఎవరి అరుగు మీద ఖాయమైంది, ఆ రాత్రి అక్కడికి ఎవరికి పిలుపు అందలేదు అని అడగడం మొదలుపెడితే అసలు సంగతి బయటపడుతుంది. పెద్ద రైతులు, కాంట్రాక్టర్లు నలుగురు కూర్చుని, గుడికి ఎక్కువ ఇస్తానన్నవాడికి పదవిని వేలంలో కట్టబెట్టిన కథలు మన చుట్టుపక్కల కొత్తవేమీ కావు. పదవి ఎస్టీలకో, మహిళలకో రిజర్వయిన చోట ఆ నలుగురు చెప్పినట్టు వినేవారి పేరే పైకి వస్తుంది. నామినేషన్ వేయాలనుకున్న మరొకరిని పిలిపించి, ‘ఊరి మాట కాదంటావా?’ అని మెత్తగానే అడుగుతారు. ఆ మెత్తదనం వెనక వెలి ఉందని అడిగినవారికీ తెలుసు, అడిగించుకున్నవారికీ తెలుసు. కుల పంచాయతీలు మనుషులను వెలివేయడం ముదిరిపోయి, దాన్ని నేరంగా చూసే ప్రత్యేక చట్టాన్ని మహారాష్ట్ర 2016లో చేసుకోవలసి వచ్చింది. 2017 జూలై నుంచి అది అమలులో ఉంది. పోటీ లేకుండా గెలిచినవారిని ఆ తరువాత ఐదేళ్లూ లెక్క అడిగేవారు కూడా దొరకరు. నా దృష్టిలో ఏకగ్రీవానికున్న పెద్ద లోపం ఇదే.

చేతులెత్తే ఓటు దీనికంటే నిజాయితీగలది. ఎవరు ఎటున్నారో నలుగురికీ కనిపిస్తుంది, లెక్క తేలుతుంది, పని ఆగదు. కాని కాగితం మీద ఉన్న పద్ధతి వేరు, బడి వరండాలో జరిగే పద్ధతి వేరు. జంపఖానా పరిచిన కాసేపటికే, పంచాయతీ ఆఫీసరు ఇంకా రాకముందే, రిజిస్టరు చేతులు మారడం మొదలవుతుంది. సంతకం రానివారు ఇంకు ప్యాడ్ మీద బొటనవేలు అద్ది, ముద్ర వేసి, మిగిలిన సిరాను స్తంభానికి తుడిచి వెనక్కి వెళ్లి కూర్చుంటారు. అప్పటికి ఆ పేజీ పైభాగం ఖాళీగానే ఉంటుంది; తీర్మానం తరువాత ఒడియాలో రాస్తారు. బజారు వీధివారు తెలుగులో అడుగుతారు, కాలనీ పెద్ద సవర భాషలో చెప్పి పక్కనున్న కుర్రవాడి చేత ఒడియాలో చెప్పిస్తాడు, జవాబు ఒడియాలో వస్తుంది, అది ఆడవాళ్లు కూర్చున్న మూలకు చేరేలోపే సభ తరువాతి అంశానికి వెళ్లిపోతుంది. చివరికి రిజిస్టరులో మిగిలేది ‘సర్వసమ్మతిక్రమే’, అంటే అందరి సమ్మతితో, అన్న ముక్క.

రిజిస్టరు సవ్యంగా నడిచినా చిక్కు తీరదు. బోరు ఎక్కడ వేయాలన్నది విషయం అనుకుందాం. బజారు వీధిలో ఎనభై చేతులు, కాలనీలో ముప్పై చేతులు లేస్తాయి. ఈ ఏడు బోరు బజారు వీధికి వస్తుంది, వచ్చే ఏడు సిమెంటు కాలువ కూడా అక్కడికే వస్తుంది. లెక్కలో మోసం లేదు, దొంగ ఓటు లేదు. అయినా మూడో ఏడు కాలనీవారు సభకు రావడం మానేస్తారు, వాళ్లకు ఊరి బాగోగులు పట్టవని బజారు వీధిలో చెప్పుకుంటారు. పైగా చేయి ఎత్తడం బాహాటంగా జరిగే పని కాబట్టి, అప్పు ఇచ్చిన షావుకారు, కౌలుకు పొలం ఇచ్చిన ఆసామి ఎదుట కూర్చుని ఉండగా లేచే చేయి ఎంత స్వతంత్రమైనదో చెప్పనవసరం లేదు.

అలాగని నియమాలను, లెక్కను చిన్నచూపు చూడకూడదు. వాటి విలువను దేశానికి చాటినవి మన కొండ పల్లెలే. నియమగిరిలో బాక్సైట్ తవ్వకం విషయంలో సుప్రీంకోర్టు 2013 ఏప్రిల్ 18న తీర్పు ఇస్తూ, కొండ మీద ఆదివాసుల సాంస్కృతిక, మతపరమైన హక్కులు ఏమిటో గ్రామసభలే తేల్చాలని, ఆ సభలను జిల్లా జడ్జి స్థాయి న్యాయాధికారి పరిశీలించాలని ఆదేశించింది. ఆ జూలై, ఆగస్టు నెలల్లో రాయగడ జిల్లాలో 7, కలహండి జిల్లాలో 5 సభలు జరిగాయి. కొన్ని పల్లెల్లో ఓటర్లు వందకు చాలా తక్కువ. పోలీసులు, అధికారులు, విలేకరులు నిండిన ఆ సభల్లో డోంగ్రియా కొంధులు తమ కువి భాషలో లేచి, తమ దేవుడు నియమ్ రాజా కొండను ఇవ్వబోమని చెప్పారు. 12 సభలూ వద్దన్నాయి. 2014 జనవరిలో కేంద్ర పర్యావరణ శాఖ ఆ ప్రాజెక్టును తిరస్కరించింది. అటవీ హక్కుల చట్టం కింద 2012లో సవరించిన నిబంధనల ప్రకారం సభకు ఊరి సభ్యులలో సగం మంది రావాలి, వచ్చినవారిలో మూడో వంతు మహిళలు ఉండాలి, తీర్మానానికి మామూలు మెజారిటీ చాలు. చట్టం మెజారిటీతో సరిపెట్టుకుంటానన్నా, అక్కడ వచ్చింది ఏకాభిప్రాయం. అరుగు మీద రాత్రికి రాత్రి కుదిరే ఏకగ్రీవానికీ దీనికీ పోలికే లేదు: ఇక్కడ సభ మొదలయ్యేదాకా ఏ సమ్మతీ రాసి లేదు, చెప్పదలచినవారు నలుగురి ఎదుట నోరు విప్పి చెప్పారు, చెప్పినదాన్ని బయటి న్యాయాధికారి విన్నాడు.

ఇక గడ్చిరోలి జిల్లా ధనోరా తాలూకాలోని మెండా లేఖా. సిరోంచ వైపు ఉన్న తెలుగువారికి ఈ పేరు బాగా తెలుసు. 2009లో సుమారు 1,800 హెక్టార్ల అడవి మీద సామూహిక హక్కు పొందిన ఊరు ఇది. 2011లో అప్పటి కేంద్ర పర్యావరణ మంత్రి జైరాం రమేశ్ స్వయంగా వచ్చి వెదురు రవాణా పాసు పుస్తకాన్ని గ్రామసభకు అప్పగించారు. దేవాజీ తోఫా వంటి ఊరి పెద్దలు, మోహన్ హీరాబాయి హీరాలాల్ వంటి కార్యకర్తలు అక్కడ నిలబెట్టిన పద్ధతిలో ముఖ్యమైనది సర్వసమ్మతి అని అందరూ అంటారు. నాకు అంతకంటే ముఖ్యంగా కనిపించేది అక్కడి అభ్యాస్ గట్, అంటే చదువుకోవడానికి కూర్చునే బృందం. చట్టం ఏమంటోంది, వెదురు ధర ఎంత, కాంట్రాక్టు కాగితంలో ఏముంది అన్నవి అక్కడ తీరికగా తరచి చూస్తారు. బయటివారు కూడా వచ్చి కూర్చోవచ్చు. కాని ఆ బృందానికి నిర్ణయాధికారం లేదు, నిర్ణయం గ్రామసభదే. తెలుసుకోవడం ఒక చోట, తేల్చుకోవడం మరో చోట జరుగుతాయి కాబట్టి, సభకు వచ్చినవారు విషయం తెలియక తలూపే అవసరం తగ్గుతుంది. ఈ మెట్టు లేకుండా సర్వసమ్మతిని ఆశిస్తే ఏమవుతుందో మన కోరాపుట్ చూసింది. 1955లో వినోబా భావే నడిచి వెళ్లిన దారి పొడవునా ఊళ్లకు ఊళ్లే గ్రామదానానికి, అంటే భూమిని ఊరి ఉమ్మడి చేయడానికి, సమ్మతించాయి, తరువాత వాటిలో చాలా ఊళ్లలో అది కాగితం మీదే మిగిలిపోయింది.

మెండా లేఖా పద్ధతిని యథాతథంగా మన ఊళ్లకు తెచ్చుకుందామనేవారితో నాకు పేచీ ఉంది. అది ప్రధానంగా ఒకే తెగ నివసించే చిన్న పల్లె. మన ఊళ్లో చెరువు గర్భాన్ని ఆక్రమించుకున్న ఆసామి కూడా సభలో సభ్యుడే. అతను సరేననేదాకా ఆగితే చెరువు మిగలదు. రోజు కూలి మానుకుని మూడు సార్లు సభకు రాగలిగేది కడుపు నిండినవాడే. అన్నిటికంటే, చివరిగా మిగిలిన అభ్యంతరం ఒక దళితుడిదో, ఒంటరి ఆడమనిషిదో అయితే, దాన్ని ‘ఒప్పించడం’ ఎలా ఉంటుందో మనకు తెలుసు. 1948 నవంబరు 4న రాజ్యాంగ సభలో అంబేడ్కర్ పల్లెను సంకుచితత్వానికి, మతతత్వానికి గుహ అన్న అర్థంలో నిలదీసి, రాజ్యాంగానికి మూలంగా పల్లెను కాక వ్యక్తిని తీసుకున్నందుకు సంతోషించారు. ఆ హెచ్చరిక సర్వసమ్మతిని ప్రేమించేవారు ముందుగా చదవవలసినది.

అందుకే కొన్ని సంగతులు ఏ పద్ధతికీ వదలకూడదు. ఒక వీధివారు తమ ప్రార్థన చేసుకోవచ్చా, ఊరి బావిలో ఎవరు నీళ్లు తోడుకోవచ్చు, ఎవరి పిల్ల ఎవరిని పెళ్లి చేసుకోవచ్చు అన్నవి ఓటుకు పెట్టేవీ కావు, సమ్మతి కోరేవీ కావు. మన పొరుగున కంధమాల్ 2008లో మతకల్లోలంలో కాలిపోవడం చూసిన తరువాత కూడా ఊరి శాంతి పేరుతో ఇలాంటి విషయాలను సభ ముందుకు తెచ్చేవారిని మొదటి మాటకే ఆపాలి.

మిగిలిన వాటిలో నా లెక్క ఇది. మనిషిని ఎన్నుకోవడానికి రహస్య ఓటే మేలు, ప్రోత్సాహకం ఎంత ఆశ పెట్టినా సరే. అడవి, నేల, నీరు, సంత స్థలం వంటి ఉమ్మడి ఆస్తుల విషయంలో చర్చించి కుదుర్చుకున్న సమ్మతి మేలు, ఎందుకంటే ఓడినవారు కూడా ఆ నీటినే తాగాలి, ఆ అడవికే వెళ్లాలి. చేతులెత్తే ఓటు ఆ చర్చకు ప్రత్యామ్నాయం కాకూడదు, దానికి గడువుగా ఉండాలి. రెండు రాష్ట్రాలూ మావేనంటున్న కోరాపుట్ జిల్లా కొఠియా పల్లెల సంగతే చూడండి. 2021 ఫిబ్రవరిలో అక్కడి మూడు ఊళ్లలో ఆంధ్రప్రదేశ్ పంచాయతీ ఎన్నికలు జరిపితే ఒడిశా సుప్రీంకోర్టుకు వెళ్లింది. రెండు రాష్ట్రాల ఓటరు కార్డులున్నవారికి ఓట్ల కరువు లేదు. మీకు ఏ బడి కావాలి, ఏ భాషలో పాఠం కావాలి, ఆసుపత్రికి ఎటు వెళ్తారు అని కూర్చోబెట్టి అడిగే సభ ఒక్కటి అంతకంటే ఎక్కువ మేలు చేసేది.

కాబట్టి వచ్చే పల్లీసభలో అడగవలసినవి పెద్ద సంస్కరణలేమీ కావు. సంతకాల రిజిస్టరు తీర్మానం రాసిన తరువాతే తిరగాలి. రాసినదాన్ని ఒడియాతో పాటు తెలుగులో, సవరలో, కువిలో చదివి వినిపించాలి. బడి పంతులో, అంగన్‌వాడీ టీచరో ఆ పని చేయగలరు. కాదన్నవారి పేరు, కారణం వారి మాటల్లోనే మినిట్స్‌లో ఎక్కాలి. గట్టి అభ్యంతరం ఉన్న అంశాన్ని ఒకసారి వాయిదా వేసి, కూలి పోని సాయంత్రం వేళ మళ్లీ కూర్చోవాలి. అప్పటికీ తేలకపోతే చేతులు లెక్కపెట్టవచ్చు.