నేరేడుపండు రంగు గది: హ్యూస్టన్ రాత్కో చాపెల్

అమ్మ ఇండియా నుంచి వచ్చి నెల దాటింది. మాల్స్, గుళ్లు అన్నీ అయిపోయాయి. ఈసారి డాలస్ నుంచి నాలుగు గంటలు కారు నడిపి, హ్యూస్టన్‌లో రాత్కో చాపెల్ అనే ప్రార్థనా మందిరానికీ, దాని పక్కనే ఉన్న మెనిల్ కలెక్షన్ మ్యూజియానికీ తీసుకెళ్లాను. రెండిట్లోనూ టికెట్ లేదు. సోమవారం మాత్రం వెళ్లకండి, రెండూ మూసేస్తారు.

చాపెల్ అన్నారని శిలువ, కొవ్వొత్తులు ఊహించుకోవద్దు. ఎనిమిది పలకల గది, గోడలకు చిత్రకారుడు మార్క్ రాత్కో వేసిన 14 పెద్ద కాన్వాసులు, కూర్చోడానికి బల్లలు. వాటిలో బొమ్మన్నది లేదు, అంతా రంగే. 1971లో తెరిచారు, అంతకు ఏడాది ముందే రాత్కో పోయాడు, పూర్తయిన గదిని చూడనేలేదు.

మొదటిసారి పది నిమిషాల్లో బయటికొచ్చేశాం. నాకు నలుపు తప్ప ఏమీ కనపడలేదు. ఇంత దూరం ఇందుకా తిప్పానని ఒకటే టెన్షన్. ఎదురుగా నీళ్లలో బార్నెట్ న్యూమన్ ‘విరిగిన స్తంభం’ శిల్పం ఉంది, కాసేపు అక్కడ కూర్చున్నాం. అమ్మే అంది, "మళ్లీ పోదాం పద. ఎండలోంచి లోపలికెళ్తే ఏం కనపడుతుంది, కళ్లు కుదురుకోవద్దూ?"

రెండోసారి నలభై నిమిషాలున్నాం. వెలుతురు పైకప్పు నుంచే వస్తుంది. మబ్బు తొలగినట్టుంది, ఎదురుగా ఉన్న కాన్వాసు మెల్లగా రంగు తేలింది. అమ్మ నా చెవిలో, "ఏమే, ఇది నలుపు కాదు, నేరేడుపళ్లు తిన్న నాలుక రంగు!" అంది. అప్పుడు కనపడింది నాకూ. పక్క గోడ మీది నల్ల దీర్ఘచతురస్రాల చుట్టూ ముదురు ఎరుపు, చీరకు అంచులా. ఫొటోలు తీయనివ్వరు, నాకైతే అదే మంచిదనిపించింది.

నాలుగడుగులేస్తే సై ట్వాంబ్లీ అనే చిత్రకారుడి గ్యాలరీ, అదీ మెనిల్ వాళ్లదే. అక్కడ మూడు ముక్కల కాన్వాసు ఒకటి 50 అడుగుల పైమాటే, నడుస్తూ చూడాలి. అమ్మ మోకాళ్లు ఒప్పుకోలేదు, నేనూ పైపైనే చూశాను. పులిహోర డబ్బా మాత్రం బయట చెట్ల కింద తీరిగ్గా ఖాళీ చేశాం.

రాత్రికి దిగిన హోటల్ గురించి చెప్పకపోవడమే మేలు. లిఫ్ట్ పాడైందని అక్కడికెళ్లాకే చెప్పారు. మూడో అంతస్తు. పార్కింగ్ డబ్బులు బుకింగ్‌లో లేవు, బిల్లులో ఉన్నాయి. పెద్దవాళ్లతో వెళ్లేవాళ్లు ముందే ఫోన్ చేసి, కింద గది అడిగి తీసుకోండి.