బల్లార్షా బోరు నీళ్ళు, ఏడు కండీషనర్లు, నాలుగేళ్ళు

మా ఇంట్లో బోరు నీళ్ళతో పప్పు ఉడకదు. కుక్కర్ ఎనిమిది కూతలు వేసినా పలుకు పలుకుగానే ఉంటుంది. అందుకని పప్పుకు, చాయకు క్యాన్ నీళ్ళు తెప్పిస్తాం. ఒంటికి, నెత్తికి మాత్రం బోరు నీళ్ళే. కండీషనర్ల గురించి చెప్పబోతూ పప్పు సంగతి ఎత్తానంటే కారణం ఉంది. నాలుగేళ్ళలో నాకు తెలిసివచ్చినదంతా ఆ నీళ్ళతోనే ముడిపడి ఉంది. మీకు నల్లాలో నది నీళ్ళు వస్తుంటే, నాకు పనికిరాని సీసా మీకు బాగానే పనిచేయొచ్చు.

మాది చంద్రపూర్ జిల్లా బల్లార్షా. మా మామయ్య పెద్దపల్లి దిక్కు నుంచి బొగ్గు గనుల పనికి వచ్చి ఇక్కడే ఉండిపోయారు. ఇంట్లో తెలుగు, గడప దాటితే మరాఠీ. నాది సన్నటి సాఫు జుట్టు, రెండుసార్లు రంగు వేయించాను. మా బిడ్డది నడుము దాకా ఉంగరాల జుట్టు. ఆదివారం తలకు పోసుకున్నాక దాని చిక్కు తీయడానికి గంట పట్టేది, దువ్వెన నిండా తెగిన వెంట్రుకలే. ఏడో తరగతిలో ఉండగా ఒకరోజు "అమ్మా, కత్తిరించెయ్యి, నాకీ జుట్టే వద్దు" అని ఏడ్చింది. ఆ సాయంత్రమే మొదటిసారి కండీషనర్ సీసా తిప్పి వెనక వైపు చదివాను.

అప్పటి నుంచి ఏడు రకాలు కొన్నాను. ఒక్కదాన్ని తప్పించి అన్నీ అడుగంటేదాకా వాడాం. ఏది మంచిదో తేలనప్పుడు బిడ్డకు నడిమికి పాపిట తీసి, ఎడమ పక్క ఒకటి, కుడి పక్క ఒకటి పెట్టేదాన్ని. షాంపూ ఒకటే, నీళ్ళు అవే. ఏ పక్క ఏది పెట్టానో దానికి చెప్పేదాన్ని కాదు. ఆరాక దువ్వెన ఎక్కడ ఆగుతుందో అదే చెప్పేది.

ముందు అసలు పని చేసే పదార్థం గురించి. వెంట్రుక పైన గూన పెంకుల ఇంటికప్పులాగా సన్నటి పొరలు ఒకదాని మీద ఒకటి పేర్చి ఉంటాయి. షాంపూ, ఎండ, రంగు, దువ్వెన రాపిడి అన్నీ కలిసి ఆ పెంకుల అంచులు లేపేస్తాయి. తడి జుట్టు మీద మైనస్ ఛార్జి ఉంటుంది, దెబ్బతిన్న చోట అది మరీ ఎక్కువ. కండీషనర్‌లో ప్లస్ ఛార్జి ఉన్న పదార్థం ఒకటి ఉంటుంది. అది పోయి ఆ దెబ్బతిన్న చోటే అతుక్కుంటుంది, దాని తోకలాంటి కొవ్వు భాగం బయటికి ఉండి వెంట్రుకకు వెంట్రుక రాసుకోకుండా జారేలా చేస్తుంది. నీళ్ళు పోసి కడిగినా మొత్తం పోకపోవడానికి కారణం ఇదే. సీసా వెనక దాని పేరు బెహెన్‌ట్రైమోనియం క్లోరైడ్ అనో, బెహెన్‌ట్రైమోనియం మెథోసల్ఫేట్ అనో, సెట్రిమోనియం క్లోరైడ్ అనో, స్టియరమిడోప్రొపైల్ డైమెథైలమిన్ అనో ఉంటుంది. ఈ నాలుగింటిలో ఒక్కటీ లేకుంటే ఆ సీసా మీద నాకు అనుమానమే. బెహెన్ అంటే 22 కార్బన్ల తోక, సెట్రి అంటే 16. తోక పొడుగైన కొద్దీ జారుడు ఎక్కువ. మా బిడ్డ జుట్టుకు ఈ తేడా చేతికి తెలుస్తుంది. సెట్రిమోనియం ఒక్కటే ఉన్న సీసాతో చిక్కు తీయడానికి అరగంట, బెహెన్‌ట్రైమోనియం ఉన్నదానితో పది నిమిషాలు. నా సన్న జుట్టుకు మాత్రం సెట్రిమోనియమే హాయి. బెహెన్‌ట్రైమోనియం పెడితే మరునాటికే నూనె రాసినట్టు అణిగిపోతుంది.

దాని పక్కనే సెటైల్ ఆల్కహాల్, సెటీరిల్ ఆల్కహాల్ అని కనబడతాయి. మా వీధిలో ఒకావిడ ఆ మాట చదివి, మందు కలిసిందని కొత్త సీసా పారేసింది. చాలా బాధేసింది. ఇవి కొవ్వు ఆల్కహాళ్ళు, మైనంలాంటి తెల్లటి ముద్దలు. కండీషనర్ చిక్కగా పెరుగులాగా ఉండేది వీటివల్లే, వెంట్రుకను మెత్తబరిచే పనిలోనూ వీటికి భాగముంది. జుట్టును ఎండబెట్టేవి వేరు: ఆల్కహాల్ డీనాట్, ఐసోప్రొపైల్ ఆల్కహాల్. అవి జాబితాలో పైవరుసల్లో ఉంటే వదిలేయండి. అలాగే మెథోసల్ఫేట్ అన్న పేరు చూసి షాంపూలో నురగ కోసం వేసే సల్ఫేట్ అనుకోవద్దు, రెండింటికీ సంబంధం లేదు. కండీషనర్ సీసా మీద సల్ఫేట్ లేదని పెద్ద అక్షరాలతో రాసుకోవడం నాకు నచ్చదు. అందులో అది మామూలుగానే ఉండదు.

నేను మొదట మోసపోయింది ఆర్గాన్ నూనె (ఆ పేరున్న చెట్టు గింజల నూనె) అని బంగారు రంగు అక్షరాలున్న సీసాతో. ఏడింటిలో ఖరీదైనది అదే. మన దేశంలో 2020 నాటి సౌందర్య సాధనాల నియమాల ప్రకారం, ఒక శాతానికి మించి ఉన్న పదార్థాలను ఎక్కువ నుంచి తక్కువకు వరుసగా రాయాలి. ఒక శాతం, అంతకన్నా తక్కువ ఉన్నవాటిని ఏ వరుసలోనైనా రాసుకోవచ్చు. ఇది తెలిశాక ఆ సీసా మళ్ళీ తిప్పాను. ఆర్గాన్ నూనె పరిమళం తర్వాత ఉంది, ఫినాక్సీఇథనాల్ తర్వాత ఉంది. ఫినాక్సీఇథనాల్ పాడవకుండా వేసే పదార్థం, ఐరోపాలో ఒక శాతం మించి వేయనివ్వరు. అంటే దాని వెనక నిలబడ్డ నూనె కూడా ఒక శాతం దాటదు. పక్కన కిరాణా దుకాణంలో దొరికే చవక సీసాలో మొదటి నాలుగు పేర్లు, ఇందులో మొదటి నాలుగు పేర్లు ఒకటే. సగం తల పరీక్షలో బిడ్డ తేడా చెప్పలేకపోయింది, నాకూ దొరకలేదు. ఆ డబ్బు తలుచుకుంటే ఇప్పటికీ కోపం వస్తుంది.

సిలికాన్ల దగ్గర కాసేపు ఆగాలి, ఎందుకంటే వీటి మీద భయం ఎక్కువ, తెలిసింది తక్కువ. వీటిలో ఒకటైన డైమెథికోన్ వెంట్రుక మీద సన్నటి పొర వేస్తుంది, మెరుపు తెస్తుంది, దువ్వెన జారనిస్తుంది. వెంట్రుకకు ఊపిరాడదని కొందరంటారు. వెంట్రుక ప్రాణం లేనిది, దానికి ఊపిరి అవసరం లేదు. ఇబ్బంది ఉన్నది కడగడంలో. డైమెథికోన్ నీళ్ళలో కరగదు. షాంపూ వాడేవాళ్ళకు పోతుంది. మా అమ్మలాగా కుంకుడుకాయలతోనే పోసుకుంటే నాలుగైదు వారాల్లో పొర మీద పొర చేరి జుట్టు జిడ్డుగా, బరువుగా అయింది. అమ్మ సిర్పూర్ నుంచి వచ్చి రెండు నెలలు మా దగ్గర ఉన్నప్పుడు చూశాను. "గీ సీసాది పెట్టినకాడి నుంచి నెత్తి మీద మైనం పోసినట్టున్నదే" అంది. ఆమె మాటే నిజం.

అమోడైమెథికోన్ అన్నది ఇంకో రకం. దానికీ కొంచెం ప్లస్ ఛార్జి ఉంటుంది, అందుకని దెబ్బతిన్న చోట వెతికి అతుక్కుంటుంది. ఒకసారి అతుక్కున్నాక అదే ఛార్జి వల్ల ఇంకో పొరను దూరం నెడుతుంది, పేరుకుపోవడం తక్కువ. లేబుల్ మీద దాని పక్కనే ట్రైడెసెత్-12, సెట్రిమోనియం క్లోరైడ్ తరచూ జంటగా కనబడతాయి. అమోడైమెథికోన్‌ను నీళ్ళలో కలిపి ఉంచేందుకు వేసేవి అవి. రంగు వేసిన నా జుట్టు కొసలకు ఇంతకన్నా మేలు చేసింది ఏదీ లేదు. సైక్లోపెంటాసిలోక్సేన్ ఆవిరైపోయే రకం, దానితో జుట్టుకు ఇబ్బంది లేదు గానీ పర్యావరణం కోసం ఐరోపాలో కడిగేసే ఉత్పత్తుల్లో 2020 నుంచి 0.1 శాతానికి కట్టడి చేశారు. అది ఉన్న సీసా నేను మళ్ళీ కొనలేదు.

సిలికాన్ లేదని, అంతా ప్రకృతేనని చెప్పుకునే ఆకుపచ్చ డబ్బా ఒకటి కొన్నాను. వానాకాలంలో పరవాలేదు. మే నెలలో, ఇక్కడ ఎండ 45 డిగ్రీలు దాటే రోజుల్లో, బిడ్డ జుట్టు చీపురు పుల్లల్లా అయింది. వెనక చూస్తే నీళ్ళ తర్వాత రెండో పేరు గ్లిజరిన్. ప్లస్ ఛార్జి పదార్థం చాలా కింద ఉంది. గ్లిజరిన్ తేమను పట్టి ఉంచుతుంది, గాలిలో తేమ ఉంటేనే అది మా ఇంట్లో పనికొచ్చింది. జులై నుంచి అక్టోబర్ దాకా అదే డబ్బా సంతోషంగా వాడుకున్నాం.

మధ్యలో ఆపేసిన ఆ ఒక్కటి చెప్పాలి. మూడో వారానికి నా మెడ వెనక, చెవుల పక్క ఎర్రటి దద్దుర్లు లేచి, రాత్రి నిద్ర పట్టనంత దురద. చంద్రపూర్‌లో చర్మ డాక్టరమ్మకు సీసా కూడా పట్టుకెళ్ళి చూపించాను. ఆమె ఒక పేరు మీద వేలు పెట్టింది: మిథైల్‌ఐసోథయజోలినోన్. బూజు, సూక్ష్మజీవులు పట్టకుండా వేస్తారు, కొందరి ఒంటికి పడదు. ఐరోపాలో కడగకుండా వదిలేసే క్రీములలో దీన్ని 2017లో నిషేధించారు, కడిగేసే వాటిలో పది లక్షల్లో 15 వంతులకు మించకూడదు. సీసా ఆపి, మందు రాశాక పది రోజులకు తగ్గింది. అందరికీ ఇలా అవుతుందని నేననను, మా బిడ్డకు ఏమీ కాలేదు. కానీ కొత్తది ఏది కొన్నా మోచేతి మడతలో కొంచెం రాసి రెండు రోజులు చూడకుండా ఇప్పుడు నెత్తికి పెట్టను.

ఇక మా బోరు నీళ్ళ సంగతి. బకెట్ అంచున తెల్లటి పెచ్చు కడుతుంది, అది కాల్షియం, మెగ్నీషియం. తాగే నీళ్ళలో ఇవి ఎంతున్నాయో చెప్పే గట్టిదనం లీటరుకు 200 మిల్లీగ్రాములు మించకుంటే మంచిదని, వేరే దారి లేకుంటే 600 దాకా ఓర్చుకోవచ్చని మన దేశ ప్రమాణం. మా నీళ్ళు కొలిపించలేదు, కానీ ఆ కాల్షియం వెంట్రుక మీది మైనస్ చోట్లకు ప్లస్‌గా వెళ్ళి కూర్చుంటుంది. కండీషనర్ వచ్చేసరికి సీటు నిండి ఉంటుందన్నమాట. సబ్బుతో తల రుద్దుకుంటే ఇంకా ఘోరం, సబ్బు ఆ కాల్షియంతో కలిసి తెట్టు కడుతుంది. అందుకే ఇప్పుడు జాబితాలో డైసోడియం ఈడీటీఏ, సిట్రిక్ యాసిడ్ ఉన్నాయా అని కూడా చూస్తాను. ఈడీటీఏ కాల్షియాన్ని పట్టి పక్కకు లాగుతుంది. అది ఉన్న షాంపూకు మారాక పాత కండీషనరే కొత్తదానిలా పనిచేసింది. ఈ ఒక్క మార్పుకు నేను ఇచ్చేంత విలువ ఏ ఖరీదైన సీసాకూ ఇవ్వను.

కుంకుళ్ళను నేను వదలలేదు. వాటి నురగ సబ్బులా తెట్టు కట్టదు, పులుపు గుణం ఉండటం వల్ల పెంకులు మరీ లేవవు. కానీ కుంకుళ్ళు కడుగుతాయి, అంతే. జారుడు ఇవ్వవు. అందుకే మా అమ్మమ్మల కాలంలో మందారాకు నూరి పెట్టేవాళ్ళు, ఆ జిగురే కండీషనర్. ఇక్కడ దానికి సాటి వచ్చేది మేం కాకూ అని పిలిచే పక్కింటావిడ నేర్పిన జవస, అంటే మన అవిసెలు. విదర్భలో జవస చట్నీ లేని ఇల్లుండదు, గింజలకు కొదవ లేదు. రెండు చెంచాల గింజలు రెండు గ్లాసుల నీళ్ళలో మరిగిస్తే గుడ్డులో తెల్లసొనలా సాగుతుంది. వేడి మీదే వడకట్టాలి, చల్లారితే గింజ నుంచి విడవదు. ఉంగరాల జుట్టుకు ఇది రాస్తే ఉంగరం ఉంగరంలా నిలుస్తుంది. అయితే ఇది పైన ఆరిపోయే పొర, కడిగితే పోతుంది. చిక్కు తీయడానికి సాయం అంతంతే. ఫ్రిజ్‌లో నాలుగైదు రోజులు దాటితే వాసన వస్తుంది, అందులో పాడవకుండా ఆపే పదార్థం లేదు కదా. అంతకు మించి దాచుకోకండి.

గోధుమ ప్రోటీన్ ఉన్న ట్యూబు నెలకు ఒకసారి బాగుంది, వారం వారం పెడితే జుట్టు బిరుసెక్కింది. దాని గురించి అంతకన్నా చెప్పడానికి లేదు.

కొబ్బరినూనె మాత్రం నిలబడింది. 2003లో వచ్చిన ఒక పరిశోధనలో కొబ్బరి, పొద్దుతిరుగుడు, మినరల్ ఆయిల్ మూడూ పోల్చితే, కడిగేటప్పుడు వెంట్రుక ప్రోటీన్ పోకుండా ఆపింది కొబ్బరినూనె ఒక్కటే. లారిక్ ఆమ్లం చిన్నది, సూటిగా ఉంటుంది, లోపలికి దిగుతుంది. ఆ పరిశోధకులు కొబ్బరినూనె అమ్మే సంస్థ వాళ్ళేనని కూడా గుర్తుపెట్టుకునే నేను నమ్ముతున్నాను, ఎందుకంటే శనివారం రాత్రి నూనె పెట్టిన వారం, పెట్టని వారం దువ్వెనలో తేడా నా కళ్ళ ముందుంది.

ఇప్పుడు మా ఇంట్లో ఉన్నవి రెండే. బిడ్డకు కిరాణా దుకాణంలో దొరికే మధ్యరకం సీసా: నీళ్ళు, సెటీరిల్ ఆల్కహాల్, బెహెన్‌ట్రైమోనియం క్లోరైడ్, అమోడైమెథికోన్, కింద ఈడీటీఏ. నాకు సెట్రిమోనియం ఉన్న పల్చటిది, చెవుల కింద నుంచి కొసల దాకా మాత్రమే, ఉసిరికాయంత. తడి జుట్టు పిండి, నీళ్ళు కారడం ఆగాక పెట్టాలి, లేకుంటే సగం మోరీలోకే పోతుంది. మూడు నిమిషాలు ఉంచి, అది నెత్తి మీద ఉండగానే పెద్దపళ్ళ దువ్వెనతో కొసల నుంచి పైకి చిక్కు తీసేస్తాం. బోరు నీళ్ళతో కడిగి, చివర ఒక్క చెంబు క్యాన్ నీళ్ళు. పప్పుకు తెచ్చిన నీళ్ళు నెత్తికా అని మా ఆయన మొదట్లో అడిగేవారు. ఇప్పుడు ఆదివారం పొద్దున్నే ఆయనే ఒక చెంబు తీసి బాత్రూం గడప దగ్గర పెడుతున్నారు.