కేరీలో పిల్లల చదువు: ఇయర్ రౌండ్ స్కూలా, ట్రెడిషనలా? ఏది మేలు?

నార్త్ కరోలినాలో కేరీ, మోరిస్‌విల్, ఏపెక్స్ వైపు ఇల్లు చూసుకునేవాళ్లు స్కూలు రేటింగు చూస్తారు గానీ, క్యాలెండర్ ఏదో అడగడం మరిచిపోతారు. ఆ అడ్రసుకి పడే వేక్ కౌంటీ స్కూలు ఇయర్ రౌండ్‌ది అని తెలిసేసరికి ఇంటి కాగితాల మీద సంతకాలు అయిపోతాయి.

ఇయర్ రౌండ్ అంటే సెలవులే ఉండవనుకుంటారు. అది తప్పు. పాఠాలు చెప్పే రోజులు రెండింటిలోనూ ఇంచుమించు ఒకటే. ట్రెడిషనల్‌లో ఆగస్టు చివర బడి తెరిచి జూన్ రెండో వారానికి మూస్తారు, మధ్యలో పది వారాల వేసవి. మల్టీ ట్రాక్ ఇయర్ రౌండ్‌లో పిల్లల్ని నాలుగు ట్రాకులుగా, అంటే నాలుగు గుంపులుగా విడదీస్తారు. 45 రోజులు బడి, 15 రోజులు సెలవు, మళ్లీ అదే వరస. మూడు ట్రాకులు జులై మొదట్లో మొదలవుతాయి, నాలుగోది మూడు వారాల తర్వాత. ఎప్పుడు చూసినా మూడు ట్రాకులు లోపల, ఒకటి బయట. అంటే 750 మంది పట్టే బడిలో 1000 మందిని చేర్చుకోవచ్చు. ఈ పద్ధతి ఇక్కడ ఇంతగా పాతుకుపోయింది అందుకే: జనం పెరిగినంత వేగంగా కొత్త బళ్లు కట్టలేకపోయారు. తల్లిదండ్రుల ఒప్పుకోలు లేకుండా ఇయర్ రౌండ్‌లో వేయడం మీద కేసు నడిచి, 2009లో రాష్ట్ర సుప్రీంకోర్టు వేక్ కౌంటీ స్కూలు బోర్డు వైపే తీర్పిచ్చింది.

చదువు విషయం ముందే తేల్చేద్దాం. మెక్‌ముల్లెన్, రౌస్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు వేక్ కౌంటీ పిల్లల మార్కులే తీసుకుని 2012లో ప్రచురించిన పరిశోధనలో, సగటు విద్యార్థికి తేడా దాదాపు ఏమీ కనిపించలేదు. పొడుగాటి వేసవిలో లెక్కలు మరిచిపోయే మాట నిజమే. కానీ పాఠాల రోజులు పెరగనప్పుడు, సెలవుల్ని ముక్కలు చేసినంత మాత్రాన అదనంగా వచ్చే చదువేమీ ఉండదు. కాబట్టి మార్కుల కోసం క్యాలెండర్ ఎంచుకోకండి. ఇంటికి ఏది కుదురుతుందో చూసుకోండి.

ముందు ఇండియా ప్రయాణం సంగతి. ట్రెడిషనల్ పిల్లలు జూన్ మధ్యలో దిగుతారు. ఆంధ్రలోనూ తెలంగాణలోనూ జూన్ 12 ప్రాంతంలో బళ్లు తెరిచేస్తారు కాబట్టి, అత్తయ్య పిల్లలూ పిన్ని పిల్లలూ సాయంత్రం దాకా ఇంట్లో ఉండరు. పైగా చాలా ఏళ్లు ఆషాఢం నడిమధ్యన పడుతుంది, పెళ్లిళ్లుండవు. శ్రావణ ముహూర్తాలు మొదలయ్యేసరికి తిరుగు టికెట్టు తేదీ దగ్గర పడుతుంది. విమానం చార్జీలూ అప్పుడే మండిపోతుంటాయి. ఇయర్ రౌండ్‌లో ట్రాక్ కలిసొస్తే దసరా సెలవులకో, సంక్రాంతికో, మాఘమాసం పెళ్లికో వెళ్లొచ్చు.

అయితే చేతికొచ్చేవి మూడు వారాలే. ముందూ వెనకా శని ఆదివారాలు కలుపుకుంటే 23 రోజులు. రానూపోనూ నాలుగు రోజులు దారిలో పోతాయి. తొమ్మిదిన్నర, పదిన్నర గంటల తేడాకి నిద్ర సర్దుకోవడానికి ఇంకో మూడు నాలుగు రోజులు. వీసా స్టాంపింగ్ పని, అంటే అక్కడి అమెరికా కాన్సులేట్‌లో పాస్‌పోర్టు మీద వీసా వేయించుకునే పని కూడా పెట్టుకుంటే ఇది చాలదు. పాస్‌పోర్టు చేతికి రాక పిల్లాడి బడి పోతుంది. అలాంటివాళ్లకి ట్రెడిషనలే దిక్కు.

రెండోది, సెలవుల్లో పిల్లల్ని చూసేదెవరు? ట్రాక్ అవుట్ (పిల్లల ట్రాకు బయట ఉండే ఆ మూడు వారాలు) క్యాంపులు ఊరి పార్కుల శాఖవీ ప్రైవేటువీ ఉన్నాయి. మంచివి త్వరగా నిండిపోతాయి, ఏడాదికి నాలుగుసార్లు తేదీలు చూసుకుంటూ బుక్ చేయాలి. అమ్మమ్మా తాతయ్యలు ఆర్నెల్లు ఉండటానికి వస్తే లెక్క మారుతుంది. పన్నెండు వారాలకోసారి వచ్చే ట్రాక్ అవుట్‌లలో రెండు వాళ్లున్నప్పుడే పడతాయి. అదే ట్రెడిషనల్‌కి మే నెలలో రప్పిస్తే వేసవి మొత్తం గడిచిపోతుంది. ఈ విషయంలోనూ ట్రెడిషనల్‌దే పైచేయి.

ఎక్కువ ఇళ్లలో బెడిసికొట్టేది మాత్రం మూడోది: తోబుట్టువుల క్యాలెండర్లు. హైస్కూళ్లు దాదాపు అన్నీ ట్రెడిషనల్ లెక్కనే నడుస్తాయి. పెద్దది తొమ్మిదో తరగతి, చిన్నవాడు ఇయర్ రౌండ్‌లో రెండో తరగతి అయితే ఇద్దరి సెలవులూ కలిసేది క్రిస్మస్‌కి, ఇంకాస్త వేసవిలో. ఇండియా ప్రయాణం ఇక ఎవరో ఒకరి బడి ఎగ్గొట్టించే చేయాలి.

మా లెక్కలో, పిల్లలంతా ఐదో తరగతి లోపు వాళ్లై, అమ్మానాన్నల్లో ఒకరికి ఇంటినుంచి పనిచేసే వీలుంటే ఇయర్ రౌండ్ హాయి. హైస్కూలు పిల్లలున్నా, స్టాంపింగ్ బెడద ఉన్నా ట్రెడిషనల్ తీసుకోండి. మీ అడ్రసుకి ఇయర్ రౌండ్ పడినా, ట్రెడిషనల్ స్కూలు కోసం దరఖాస్తు పెట్టుకునే వీలుంది. పెట్టేముందు అక్కడికి మీ వీధి నుంచి స్కూలు బస్సు ఉందో లేదో కనుక్కోండి. లేకపోతే రోజూ దింపడం, తేవడం మీ పనే.