ఎంఐ-17తో ఇరవై రెండేళ్లు

ఎంఐ-17 హెలికాప్టర్ నాలుగు టన్నులు మోస్తుందని కాగితం మీద రాసుంటుంది. మే నెల మిట్టమధ్యాహ్నం హకీంపేట ఎయిర్‌ఫోర్స్ స్టేషన్లో ఎవరైనా ఆ కాగితం పట్టుకొచ్చి అంతా ఎక్కించమంటే, ముందు ట్యాంకుల్లో ఎంతుందో చూసి రమ్మనేవాణ్ణి. బండి, మనుషులు, సరుకు, ఇంధనం అన్నీ కలిపి 13 టన్నులు దాటకూడదు. అదీ గాలి చిక్కగా ఉన్నచోటే. ఎండ ముదిరినా, ఎత్తుకు వెళ్లినా గాలి పల్చబడి రెక్కలకు పట్టు దొరకదు. కింద ఊళ్లో కట్టిన లెక్క లేహ్‌లో చించి పారేయాల్సిందే. ఇద్దరు పైలట్ల మధ్య మడత సీటు మీద కూర్చునే ఫ్లైట్ ఇంజినీర్‌ని నేను. నా ఉద్యోగంలో సగం ఈ కూడికలూ తీసివేతలే.

మొన్న ఆదిభట్లలో పనిచేసే మా మేనల్లుడు యాప్రాల్ వచ్చి, "మామయ్యా, ఎన్నాళ్లు ఆ రష్యా బండ్లు?" అన్నాడు. అక్కడ అపాచీ యుద్ధ హెలికాప్టర్ల బాడీలు తయారవుతాయి. వాడి కంటికి ఎంఐ-17 పల్లెవెలుగు బస్సులా కనిపిస్తోందట. ఆ పోలిక నాకు నచ్చింది, వాడు తిట్టాననుకున్నాడు గానీ.

ఎక్కడ దింపినా మళ్లీ దానంతటదే లేస్తుంది. పైన ఏపీయూ అని ఓ చిన్న టర్బైన్ ఉంటుంది. బ్యాటరీతో అది తిరుగుతుంది, అదిచ్చే గాలితో పెద్ద ఇంజిన్లు రెండూ అందుకుంటాయి. బయట కరెంటు ట్రాలీ ఉండాల్సిన పనిలేదు. చేల మధ్య దిగినవాడికే దాని విలువ తెలుస్తుంది. గోడవారగా ఉన్న సీట్లు మడిచేస్తే 12 స్ట్రెచర్లు పడతాయి, లేదంటే బియ్యం బస్తాలు. పాతవాటికి వెనక తలుపులు రెండు డొప్పల్లా తెరుచుకునేవి. నా చివరి మూడేళ్లూ ఎంఐ-17లోనే కొత్త రకమైన వీ5 మీద చేశాను, దానికి వెనక ర్యాంప్ ఉంది. మా నడుములు బతికిపోయాయి.

వరదల్లో మాత్రం దీని గాలే దీనికి శత్రువు. కిందికి దిగామా, రేకులు లేచిపోతాయి. కప్పు మీదున్న మనిషిని కాపాడబోయి ఆ కప్పునే ఎగరగొట్టినట్టు! అందుకని రేకుల ఇళ్ల దగ్గర పైనే ఆగి, మనుషుల్ని పైకి లాగే వించ్ తీగ పొడవుగా వదిలేవాళ్లం. పాత వించ్ మోసేది 150 కిలోలే, ఒక్కొక్కరినే లాగాలి. భర్తని వదిలి ముందు తను రానని మొండికేసినవాళ్లున్నారు. నీళ్ల ప్యాకెట్లు పైనుంచి విసిరితే సగం పగిలేవి, పులిహోర పొట్లాలు నయం.

మబ్బు కిందికి దిగితే ఏ హెలికాప్టరూ గొప్పది కాదు. 2013 జూన్‌లో కేదార్‌నాథ్ సహాయానికి వెళ్లిన వీ5 గౌరీకుండ్ దగ్గర కూలి 20 మంది పోయారు. 2024 సెప్టెంబరులో ఖమ్మం మున్నేరు వంతెన మీద చిక్కుకున్న తొమ్మిది మందిని, వాతావరణం బాగోక హెలికాప్టర్ రాలేకపోతే, ఒడ్డుకు చేర్చింది జేసీబీ. టీవీలో చూస్తూ నేనేమీ మాట్లాడలేదు.

గంటకు 800 లీటర్లకు అటూ ఇటూ తాగుతుంది. చప్పుడు సంగతి సరేసరి. నా కుడి చెవి సగమే పనిచేస్తుంది, మా ఆవిడ ఎడమ పక్కనే కూర్చుంటుంది. వీటన్నిటికంటే విసిగించింది విడిభాగాల కాలపరిమితి. ఎగిరిన గంటలు మిగిలున్నా, ఏళ్లు నిండితే భాగం విప్పి ఓవర్‌హాల్‌కి పంపాలి. ఒకసారి గేర్‌బాక్స్ కోసం మా బండి నెలల తరబడి హ్యాంగర్లోనే ఉండిపోయింది. ఈలోపు పక్క బండికి ఏది కావాల్సొచ్చినా దీన్నుంచే విప్పుకెళ్లారు. చివరికి గేర్‌బాక్స్ వచ్చేసరికి మిగతావి లేవు.

2008లో 80 వీ5లకు ఒప్పందం చేశారు, తర్వాత 71 కలిపారు. మొత్తం 151.  ఇప్పుడు ఎంఐ-17ల స్థానంలోకి ప్రభుత్వ విమాన తయారీ సంస్థ హెచ్ఏఎల్ 13 టన్నుల తరగతి హెలికాప్టర్నే రూపొందిస్తోంది. దాని వేగమెంతని అడిగాడు మేనల్లుడు. వేగం కాదురా, విడిభాగం ఎన్నాళ్లకొస్తుందో అడుగు అన్నాను. ఇద్దరిని ఒకేసారి లాగే వించ్, సొంత ఏపీయూ, ర్యాంప్ ఉండాలి. సీట్లు మాత్రం మడిచేవే ఉంచమను.