హోమ్ ఇన్‌స్పెక్షన్ చేయించాం: రిపోర్ట్ కంటే వాళ్ళ వెనక తిరగడమే పనికొచ్చింది

పాత ఇల్లు ఒకటి రెండుసార్లు చూసి దాదాపు ఖాయం అనేసుకున్నాక, అడ్వాన్స్ ఇచ్చే ముందు ఎవరికైనా చూపిద్దామని మా ఆవిడ పట్టుబట్టింది, సరే అని ఇన్‌స్పెక్షన్ సర్వీస్ ఒకటి బుక్ చేశా. బ్రోకర్ "నాకు తెలిసినాయన ఉన్నాడు, పంపిస్తా" అన్నాడు గానీ వద్దన్నా. ఇల్లు అమ్ముడుపోతేనే డబ్బులొచ్చే మనిషి పంపినోడు మనకి లోపాలు ఏం చెప్తాడు? మేమే వేరేవాళ్ళని వెతుక్కున్నాం. పేరు రాయట్లేదు, తిట్టేవి కూడా కొన్ని ఉన్నాయి కాబట్టి.

ఇద్దరొచ్చారు, మూడు గంటలు చూశారు. ముందే చెప్తున్నా, వాళ్ళని పంపించేసి రిపోర్ట్ కోసం ఇంట్లో కూర్చోకండి, వెనకే తిరగండి. మేం "అబ్బ ఎంత నీట్‌గా ఉందో" అనుకున్న హాల్ గోడ దగ్గరే పెద్దాయన ఆగిపోయాడు. "మిగతా గోడలన్నీ పాత పెయింటే కదండీ, దీనికొక్కదానికే కొత్తది ఎందుకేశారంటారు?" అన్నాడు. నాకు నోట మాట లేదు. మాయిశ్చర్ మీటర్ పెట్టి చూస్తే అక్కడ రీడింగ్ బాగా ఎక్కువ. ఆ నంబర్‌ని పట్టుకుని ఇంత శాతం తేమ అనుకోకూడదంట, అది చెక్క కోసం లెక్కగట్టిన స్కేలు, గోడ మీద అయితే పొడిగా ఉన్న ఇంకో గోడతో పోల్చి చూడాలంట. పైగా నేలలోంచి ఎక్కే చెమ్మ మామూలుగా ఓ మీటరు ఎత్తు దాకానే వస్తుంది, ఇక్కడేమో భుజం ఎత్తులో ఉంది, అవతల వైపు చూస్తే బాత్రూమ్. అప్పుడు కుళాయిలన్నీ, ట్యాంక్‌లోకి ఎక్కే నీళ్ళూ కట్టేయించి బయట వాటర్ మీటర్ చూడమన్నాడు. మెల్లగా తిరుగుతూనే ఉంది! అంటే పైపు ఎక్కడో కారుతోందన్నమాట. దీనికి ఏ మిషనూ అక్కర్లేదు, ఎవరైనా చేసుకోవచ్చు, నాకే ఇన్నాళ్ళూ తట్టలేదు.

సన్న బీటలు చూసి మా ఆవిడ కంగారు పడితే ఆయన నవ్వాడు, వెంట్రుకంత సన్నవి చాలావరకు ప్లాస్టరింగ్ ఆరేటప్పుడు వచ్చేవేనంట. కిటికీ మూల నుంచి ఏటవాలుగా పోయే బీటని, అదీ ఒక చివర సన్నగా ఇంకో చివర వెడల్పుగా ఉంటే దాన్ని వదలకూడదు, ఒకవైపు పునాది కుంగుతుండొచ్చు. ఈ ఇంట్లో అలాంటిది లేదు, అదొక్కటీ సంతోషం.

కరెంట్ దగ్గర మాత్రం నిజంగా భయమేసింది. సాకెట్లన్నీ మూడు పిన్నులవే, టెస్టర్ పెడితే సగం వాటికి ఎర్త్ లేదు, మూడో కన్నం ఊరికే అలంకారానికి. బోర్డులో ఎర్త్ లీకేజీ బ్రేకర్ ఉంది, అంటే కరెంట్ కాస్త లీకైనా సప్లై ఆపేసి షాక్ నుంచి కాపాడేది, టెస్ట్ బటన్ నొక్కితే టక్కున పడిపోవాలి, నొక్కినా నొక్కినా కదల్లేదు. గీజర్‌లో ఏదన్నా తేడా వస్తే అంతే సంగతులు.

బాల్కనీ కింద స్లాబ్‌ని చిన్న సుత్తితో తట్టుకుంటూ పోయాడు, ఒకచోట డొల్ల చప్పుడు. లోపల ఇనుము తుప్పు పడితే ఉబ్బుతుంది, ఉబ్బి కాంక్రీట్‌ని పెచ్చులుగా తోసేస్తుంది, పైన పెయింట్ వేస్తే అది ఆగదు అన్నాడు.

ఇక తిట్లు. థర్మల్ కెమెరా అని తెగ చెప్పుకున్నారు, రంగురంగుల ఫోటోలు బాగానే వచ్చాయి గానీ అది చూపించేది వేడి తేడాలే, నీళ్ళని కాదు, ఎలాగూ మీటర్ పెట్టి మళ్ళీ చూడాల్సిందే. టెర్రస్ పైన ట్యాంక్ ఉన్న గది కప్పు ఎక్కలేదు, నిచ్చెన తేలేదంట! ఇన్‌స్పెక్షన్‌కి వస్తూ నిచ్చెన లేకుండా ఎలా వస్తారండీ? రిపోర్ట్ ఏమో 70 పేజీలు పైనే, దాంట్లో "గోడలు పగలగొట్టి చూడలేదు, మాకు బాధ్యత లేదు" అనేవే బోలెడు. తలుపు గడియ వదులు అనేదానికీ ఎర్త్ లేదు అనేదానికీ ఒకటే ఎర్ర గుర్తు. వెనక తిరిగాను కాబట్టి ఏది ప్రాణం మీదకొచ్చేదో తెలిసింది, లేకపోతే గడియ బాగు చేయించుకుని సంబరపడేవాణ్ణి. ఇంటి హక్కు కాగితాలు వీళ్ళు చూడరు, దానికి లాయరే.

లీకు, వైరింగ్, స్లాబ్ మూడూ ఓనర్ ముందు పెట్టాం. "పాత ఇళ్ళన్నాక ఇవన్నీ మామూలే" అన్నాడు, వాటర్ మీటర్ దగ్గరికి రమ్మంటే రాలేదు. వదిలేశాం. ఇప్పుడు ఇంకోటి చూస్తున్నాం, మళ్ళీ ఆ పెద్దాయన్నే పిలిచా, ఈసారి గట్టి వాన పడ్డ మర్నాడు రమ్మన్నా, నిచ్చెన తెస్తానంటేనే.