పల్లి సభా, గ్రీవెన్సా, పది రూపాయల దరఖాస్తా: ఏది మేలు?

ఒడిశా గుణుపురం పక్కన మా ఊళ్లో బోరింగు పాడైతే మొదటి రోజు వార్డు మెంబరుని తిడతాం. రెండో రోజు ఎవరో వాట్సాప్‌లో ఫొటో పెడతారు. మూడో రోజుకి ఆడవాళ్లు పక్క వీధి బోరింగు దగ్గర బిందెలు వరసపెడతారు. ఇక ఆ సంగతి ఎవరూ ఎత్తరు. ఎత్తాలనుకున్నవాళ్లకి మూడు దారులున్నాయి: ఊరి ఓటర్లంతా కూర్చునే పల్లి సభ, కలెక్టరుకి ఫిర్యాదు ఇచ్చే గ్రీవెన్స్, సమాచార హక్కు కింద పెట్టే పది రూపాయల దరఖాస్తు. మూడూ నేను తొక్కినవే.

సోమవారం గ్రీవెన్స్ అందరికీ తెలిసిందే. కలెక్టరు, ఎస్పీ కూర్చుంటారు, కాగితం ఇస్తే నంబరు వేస్తారు. పింఛను ఆగింది, రేషన్ కార్డులో పేరు ఎగిరిపోయింది లాంటి ఒక్కరి పనులకి ఇదే మేలు, సందేహం లేదు. నలుగురి పని అయితే మాత్రం కాగితం పైకి ఎక్కి, మెట్టు మెట్టు దిగి, మనం ఎవరి మీద చెప్పామో వాళ్ల టేబుల్ మీదికే వచ్చి పడుతుంది. మా వీధి కాలువ గురించి ఇచ్చాను. బస్సు చార్జీలు, ఒక రోజు కూలి పోయాయి. కొన్నాళ్లకి సమస్య పరిష్కారమైందని ఫోన్‌కి మెసేజ్ వచ్చింది. మెసేజ్ చదువుతున్నది ఆ కాలువ గట్టు మీద నిలబడే. నీళ్లు నల్లగా అలాగే ఉన్నాయి, దోమలు కూడా.

అప్పుడే సమాచార హక్కు గుర్తొచ్చింది. 2005 చట్టం, ఫీజు 10 రూపాయలు, జవాబుకి 30 రోజుల గడువు. బీపీఎల్ వాళ్లకి ఆ పది కూడా అక్కర్లేదు. ఒడిశాలో ఫారం-ఎ నింపాలి, కోర్టు ఫీజు స్టాంపు అంటించాలి. 'కాలువ ఎందుకు బాగుచెయ్యలేదు?' అని నేను మొదట రాసిన ప్రశ్నకి పనికొచ్చే జవాబేం రాలేదు. ఎందుకు అని అడిగితే తప్పించుకోవడం తేలిక, కాగితం అడగాలి. 'ఈ వార్డు కాలువకి ఎంత మంజూరైంది, బిల్లు ఏ తేదీన అయింది, కొలతలు రాసిన ఎం-బుక్ నకలు ఇవ్వండి' అని రెండోసారి రాశాను. నకళ్లు వచ్చాయి. గడువులో రాకపోతే మొదటి అప్పీలు, అక్కడా తేలకపోతే భువనేశ్వర్‌లో కమిషన్‌కి రెండో అప్పీలు.

మనవాళ్లకి అసలు చిక్కు భాష. 1936లో ఒడిశా వేరే రాష్ట్రమై గీత పడ్డాక ఇటువైపు ఉండిపోయిన తెలుగువాళ్లం. ఇంట్లో తెలుగు, సంతలో రెండూ, ఆఫీసులో ఒడియా. దరఖాస్తు ఇంగ్లిష్‌లో, హిందీలో, లేదా ఆ ప్రాంతపు అధికార భాషలో ఉండాలంటుంది చట్టం. రాయడం రాదంటే నోటితో చెప్పింది కాగితం మీద పెట్టడానికి దరఖాస్తు తీసుకునే అధికారే సాయం చెయ్యాలని కూడా అదే చట్టంలో ఉంది. ఆ ముక్క మనం అడిగితే తప్ప ఎవరూ చెప్పరు. ఇంకో మాట. దరఖాస్తు ఒక్కరి పేరు మీద వెళ్తుంది. చిన్న ఊళ్లో ఆ పేరు సాయంత్రానికి టీ కొట్టు దాకా వస్తుంది.

పల్లి సభలో ఆ భయం తక్కువ. 1964 నాటి ఒడిశా గ్రామ పంచాయతీ చట్టం ప్రకారం ఓటున్న ప్రతివాళ్లూ సభ్యులే, పదో వంతు మంది వస్తే కోరం, ఏటా ఫిబ్రవరిలో జరగాలి. దాని బలం మా రాయగడ జిల్లాకి వేరే చెప్పాలా? 2013లో సుప్రీంకోర్టు నియమగిరి కొండల్లో బాక్సైట్ తవ్వకాల సంగతి గ్రామసభలకే వదిలితే, రాయగడ, కలహండి జిల్లాల్లో 12 పల్లి సభలు కూర్చుని పన్నెండూ వద్దన్నాయి. మరుసటి ఏడు కేంద్రం అనుమతి నిరాకరించింది.

మామూలు ఏడాదుల్లో పల్లి సభ అంటే రిజిస్టరు చేతులు మారడమే. ముందు సంతకాలు, తర్వాత తీర్మానం. నిరుడు మా పెద్దత్త దగ్గరికి రిజిస్టరు, ఇంకు డబ్బా వచ్చాయి. పేజీ సగం ఖాళీ. ఆవిడ చెయ్యి చాపలేదు. "ఏం రాశావో చదివి వినిపించు బాబూ, అప్పుడు వేలేస్తాను" అంది. వెనక కూర్చున్న ఆడవాళ్లంతా అదే మాట పట్టుకున్నారు. ఖాళీకి అడ్డగీత కొట్టించాకే వేలిముద్రలు పడ్డాయి. ఊరి ఆరోగ్యం, పారిశుధ్యం చూసే గావ్ కల్యాణ్ సమితికి ఏడాదికి వచ్చే 10,000 రూపాయల్లో బ్లీచింగుకి ఎంత పోయిందో కూడా ఆ రోజే అడిగారు.

గుణుపురం, పర్లాకిమిడి పట్టణాల్లో ఉండేవాళ్లకి పల్లి సభ లేదు, వాళ్లు మిగతా రెంటితోనే నెట్టుకురావాలి. పల్లెవాళ్లకి నా మాట ఇది: ముందు తీర్మానం రాయించండి. దాని నకలు పట్టుకుని గ్రీవెన్స్‌కి నలుగురూ కలిసి వెళ్లండి. అప్పటికీ కదలకపోతే ఆ తీర్మానం ఏమైందని పది రూపాయల దరఖాస్తు పెట్టండి. నేను వెనకనుంచి ముందుకి నడిచి రెండేళ్లు పోగొట్టుకున్నాను.

ఈ ఫిబ్రవరిలో కాలువ తీర్మానం ఒడియాలో రాసింది మా మేనకోడలు, తొమ్మిదో తరగతి. పంచాయతీ ఆఫీసరు రెండు అక్షర దోషాలు దిద్ది, అందరి ముందూ చదివి, సంతకం పెట్టాడు.