ఏడేళ్లుగా వాడుతున్న కుట్టు మిషన్ గురించి

ఇంట్లో వాడే మామూలు కరెంటు మిషన్ ఇది. తిన్నని కుట్టు, జిగ్‌జాగ్, కాజా కుట్టు, అంతే. కుట్టడమంటే మొదట్నుంచీ ఇష్టం, చిరిగినవి పారేయకుండా బాగుచేసుకోవచ్చు కదా అని కొన్నాను. ఏడాది తిరిగేసరికి తెలిసినవాళ్ల ప్యాంట్లు కూడా రావడం మొదలైంది. ఇప్పుడు వారానికి మూడు సాయంత్రాలు దీని ముందే కూర్చుంటున్నాను.

మొదటి నెల బాగా ఏడిపించింది. కుట్టు పైన చక్కగా పడేది, గుడ్డ తిప్పి చూస్తే కింద దారం గూడు కట్టి ఉండేది. కింద వస్తోంది కాబట్టి బాబిన్‌దే (కింది దారం చుట్టి ఉండే చిన్న రీలుదే) తప్పనుకుని, అది కూర్చునే డబ్బీకున్న స్క్రూ తిప్పీ తిప్పీ విసిగిపోయాను, తీరా చూస్తే తేడా పైదారంలో ఉంది. గుడ్డని నొక్కి పట్టే పాదం దించి ఉంచి దారం ఎక్కిస్తే, పైదారాన్ని బిగువుగా పట్టే టెన్షన్ బిళ్లలు బిగుసుకుని ఉంటాయి, దారం వాటి మధ్యకి దిగదు, పట్టు లేక వదులుగా కిందికి జారిపోతుంది. పాదం పైకెత్తి దారం ఎక్కించాలి, ఇంతే సంగతి.

జీన్స్ మడత కుట్టేటప్పుడు పక్క కుట్లు కలిసే చోట రెండు సూదులు విరిగాయి. ఇప్పుడు 100/16 సైజు లావు సూది వేస్తాను, ఆ లావు చోటుని ముందే సుత్తితో మెత్తగా కొడతాను, పాదం వెనక మడిచిన అట్టముక్క పెట్టి ఎత్తు సమం చేసి, ఆ నాలుగు కుట్లూ చక్రం చేత్తో తిప్పి దాటిస్తాను. టీషర్టు గుడ్డకి మాత్రం మొన గుండ్రంగా ఉండే బాల్‌పాయింట్ సూది కావాల్సిందే, మామూలు సూదితో కుట్లు తప్పిపోతాయి.

డబ్బు సంగతికొస్తే, కొత్త బట్టలు కుడితేనే సంపాదన అనుకున్నాను. ఒక చొక్కాకి పట్టిన సమయం పుస్తకంలో రాసుకుంటే కొలతలు, కత్తిరింపు, వేసి చూసి మళ్లీ విప్పడం, అన్నీ కలిపి 9 గంటలు తేలింది. ప్యాంటు పొడవు తగ్గించడానికి నాకు అరగంట చాలు, అంటే ఆ 9 గంటల్లో 18 ప్యాంట్లు అయిపోతాయి. 18 ప్యాంట్లకి వచ్చే డబ్బు ఒక్క చొక్కాకి ఎవరిస్తారు? అప్పట్నుంచి పొడవు తగ్గించడం, నడుం వదులు చేయడం, జిప్పు మార్చడం మాత్రమే ఒప్పుకుంటున్నాను. జిప్పుకి గంట పడుతుంది, అందులో సగం పాత కుట్టు విప్పడానికే, అందుకే దానికి రెట్టింపు అడుగుతాను, మొహమాటపడను.

ఒకసారి ఉతకని కొత్త కాటన్ ప్యాంటు తగ్గించి ఇచ్చాను, మొదటి ఉతుకుకే కుంచించుకుపోయి పొట్టిదైపోయింది. డబ్బు తిరిగిచ్చేశాను గానీ ఆ మనిషి ముఖం ఇప్పటికీ గుర్తుంది. ఇప్పుడు ఒకసారి ఉతికి తెమ్మంటాను, బూట్లు వేసుకుని నిలబడితేనే కొలత తీస్తాను.

లోపాలూ ఉన్నాయి. ఒళ్లంతా ప్లాస్టిక్, తేలిక, మందం గుడ్డ వేసి వేగంగా తొక్కితే బల్ల మీద జరుగుతుంది, అరగంట ఆపకుండా కుడితే మోటారు వేడెక్కుతుంది. సూదిని సుమారు 8 గంటల కుట్టుకొకసారి మారుస్తాను, గుడ్డని జరిపే పళ్ల కింద చేరిన నూగు బ్రష్‌తో లాగేస్తాను, అందుకే ఇంతవరకు రిపేరుకి ఇవ్వలేదు. మళ్లీ కొనాల్సి వస్తే మాత్రం లోపల ఇనుప చట్రం ఉన్న పాత మిషనే వెతుక్కుంటాను, కొనే ముందు జీన్స్ గుడ్డ నాలుగు మడతలు చేసి దాని మీద కుట్టి చూస్తాను.